కత్తిరించిన పట్టుదారం

గురజాల,
9 నవంబరు 1958

చెల్లెలు ఫిలోమినాకు అక్క ఆరోగ్యమ్మ దీవించి రాసేది.

ఏమే, ఆసుపత్రిలో చేరి నెలైంది, ఒక్క కార్డు ముక్క రాయటానికి చెయ్యి రాలేదా? తెల్ల టోపీ నెత్తిన పెట్టుకోగానే అక్క కంటికి ఆనటం లేదా? అమ్మ పోయిన కాడ్నించీ నీకు జడలేసి, ఎక్కాలు చెప్పి, గుంటూరు పంపించి నర్సును చేసినదాన్ని నేను. ఆ మాట నాచేత రాయించుకోకు, నాకే సిగ్గుగా ఉంది.

మీ బావ ఏసయ్య సాగరు డ్యాం కాడ కూలీల హాజరు రాస్తానే ఉన్నాడు. పదిహేను రోజులకోసారి వస్తాడు, బట్టల మీది సిమెంటు దులుపుకుంటాడు, మళ్ళీ పోతాడు. ఇంట్లో నేనూ లూర్దూ. దానికి నాలుగేళ్ళు, మాటలు మాత్రం నలభై ఏళ్ళవి. మొన్న చర్చిలో ఫాదరు గారిని పట్టుకుని "మీకు జడెవరేస్తారు?" అని అడిగింది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాల్నో తెలియలా.

అసలు సంగతి ఇది. ఊళ్ళో కంఠసర్పి పడింది. మా బళ్ళో రెండో తరగతి పిల్లలు ఇద్దరు పోయారు. గొంతులో తెల్లటి పొర కట్టుద్దంట, ఊపిరి ఆడదంట. ఒక పిల్లోణ్ణి మాచర్ల తీసుకుపోయారు. అక్కడ డాక్టర్ బాబూరావని మిలిటరీలో చేసొచ్చినాయన ఉన్నాడు. చూడంగానే మెడ ముందు భాగాన కత్తితో కోసి, ఆ బొక్కలో గొట్టం పెట్టాడంట. పిల్లోడు దక్కలా. అది విని రెండో పిల్ల తల్లి మణెమ్మ, "నా బిడ్డ గొంతు కోయించనమ్మా" అని తలుపేసుకుని ఇంట్లోనే పెట్టుకుంది. ఆ పిల్లా దక్కలా. ఇప్పుడు బళ్ళో ఎవరన్నా దగ్గితే పాఠం చెప్పటం ఆపేస్తన్నా. ఇంటికి రాంగానే లూర్దు నోరు తెరిపించి దీపం పెట్టి చూస్తన్నా. అది నన్నే కసురుకుంటంది.

మీ దగ్గర ఏం చేస్తారే దీనికి? మీరు గూడా కోస్తారా? దాచకుండా రాయి.

మీ అక్క


నరసరావుపేట,
16 నవంబరు 1958

ప్రియమైన అక్కకు,

తిట్లు అందినయ్. ఇంకో రెండు కలిపి పంపినా తినేదాన్ని, తప్పు నాదే. వార్డులో ఇరవై మంచాలకు ముప్ఫై మంది పిల్లలు. కూర్చుని కలం పట్టుకుంటే నిద్ర ముంచుకొస్తంది.

మా మిషను ఆసుపత్రిలో కత్తి పని లేదక్కా. ముందు సీరం ఇంజెక్షన్ ఇస్తారు. అప్పటికీ ఊపిరి ఆడకపోతే మా డాక్టరమ్మ పిల్లని దుప్పట్లో చుట్టించి, నోట్లో వేలు పెట్టి, ఆ వేలి వెంట సన్న గొట్టాన్ని గొంతులోకి దించుద్ది. చిటికెన వేలంత ఉంటది, బంగారు పూత. అది దిగంగానే పిల్ల ఒక్క దగ్గు దగ్గి గాలి పీల్చుద్ది చూడు, నల్లబడిన మొహం మన కళ్ళ ముందే తెల్లబడుద్ది. నెత్తురు చుక్క రాదు. మొదటిసారి చూసినప్పుడు నేను ఏడ్చాను.

నవ్వొచ్చే సంగతొకటి. జబ్బు ఒకటే, గొంతులు ఒకటే, డాక్టరుకో పద్ధతి. ఆ గొట్టానికి పట్టుదారం కట్టి ఉంటది. నేను చదివిన గుంటూరులో పెద్ద డాక్టరు ఆ దారాన్ని నోటి మూల నుంచి బయటికి తెచ్చి చెవికి చుట్టించేవాడు. గొట్టం పూడిపోతే దారం పట్టి లాగెయ్యొచ్చు. ఇక్కడ మా డాక్టరమ్మ గొట్టం కుదరంగానే దారం కత్తిరించేసుద్ది. ఉంటే పిల్లలు పీక్కుంటారు, కొరుక్కుంటారు అంటది. ఈమె అనేది ఆయనకి తప్పు, ఆయన చేసేది ఈమెకి తప్పు. మీ మాచర్లాయనకి ఇద్దరూ తప్పే అయి ఉంటారు.

లూర్దు గొంతు గరగరమంటే చాలు, పొద్దుటి రైలు బండెక్కి వచ్చెయ్. నేనున్నాగా.

నీ ఫిలోమి


గురజాల,
3 డిసెంబరు 1958

ఫిలోమీ,

నీ ఉత్తరం ఎంతమందికి చదివి వినిపించానో! బళ్ళో, చర్చి వాకిట్లో, బావి కాడ. "గొంతు కోసే మాచర్ల పోబాకండి, మా చెల్లెలున్న పేట ఆసుపత్రికి పొండి, నెత్తురు చుక్క రాదు" అని టముకేసినట్టు చెప్పాను. ఊళ్ళో ఇప్పుడు నువ్వే పెద్ద డాక్టరువి.

స్టేషన్ రోడ్డులో లారీలు బాగుచేసే మీరా సాహెబు నీకు గుర్తుండే ఉంటాడు. నిన్ను గుంటూరు పంపేటప్పుడు నీ ట్రంకుపెట్టె తాళం బాగుచేసిచ్చాడే, ఆయన. ఆయన కూతురు షకీలా, ఐదేళ్ళది, మా బళ్ళో ఒకటో తరగతి. దానికి రెండ్రోజుల నించీ జొరం. ముందు దర్గాకి తీసుకుపోయి దువా చేయించారంట. ఇయ్యాల పొద్దున పిల్ల గొంతులో ఈల మోగతంటే మీరా సాహెబు నా దగ్గరికి ఉరికొచ్చాడు. మాచర్ల దగ్గర గదా, ఆడికి పోనా అన్నాడు. నేనే ఆపి పేట బండెక్కించాను. నీ పేరు చీటీ మీద రాసిచ్చాను. భార్య హజ్రా బీ నిండు చూలాలు, రాలేకపోయింది. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఏడుస్తంటే "మా చెల్లెలు చూసుకుంటదిలే" అన్నాను.

ఈ ఉత్తరం అందేసరికి ఆ పిల్ల నీ వార్డులో గంతులేస్తా ఉండాలి. వెంటనే జవాబు రాయి.

అక్క


నరసరావుపేట,
9 డిసెంబరు 1958

అక్కకు,

షకీలా శుక్రవారం మధ్యాహ్నం చనిపోయింది. డాక్టరమ్మ గొట్టం వేసింది, రెండ్రోజులు బాగానే ఉంది. తర్వాత గుండె ఆగింది. ఈ జబ్బులో విషం గుండెకు ఎక్కుద్ది. ఆలస్యంగా తెచ్చారు.

మీరా సాహెబు పిల్లని తీసుకుని అదే సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు.

వార్డులో పని చానా ఉంది.

ఫిలోమినా


గురజాల,
20 డిసెంబరు 1958

ఫిలోమీ,

నీ నాలుగు ముక్కలూ చదివి నా ఒళ్ళు మండిపోయింది. నీ మీద గాదు, ఆ మీరా సాహెబు మీద. జొరం వచ్చిన రోజే బండెక్కితే పిల్ల దక్కేది గదా! రెండ్రోజులు కూర్చుంటారా?

ఆగలేకపోయానే. బడి నించి వస్తా వస్తా ఆయన షెడ్డు ముందర నిలబడి అడిగేశాను. "దర్గా చుట్టూ తిరుగుతా రెండ్రోజులు పోగొట్టావు. పిల్లని జబ్బు మింగలా, నీ ఆలస్యం మింగింది" అన్నాను. డ్రైవర్లు, క్లీనర్లు, టీ కొట్టు వాళ్ళు అందరూ వింటానే ఉన్నారు. ఆయన చేతిలో పానా పట్టుకుని నా వంక చూస్తా నిలబడ్డాడు. నేను టీచర్ని, ఇంకో నలుగురు తల్లిదండ్రులకి బుద్ధి రావాలని అన్నాను. ఇంటికొచ్చినాక అన్నం సయించలా, అది వేరే సంగతి.

క్రిస్మసుకి వస్తన్నావా లేదా? లూర్దు నీ కోసం కాగితం నక్షత్రం చేసి దాంట్లో నీ బొమ్మేసింది. నీకు మీసాలు గూడా పెట్టింది.

అక్క


నరసరావుపేట,
2 జనవరి 1959

అక్కకు,

పండక్కి రాలేకపోయాను. సెలవు దొరకలేదు. దొరకలేదని రాస్తన్నా గానీ, నేను అడగలేదు.

మీరా సాహెబును ఇంకేమీ అనబాక. నీకు దణ్ణం పెడతా. ఆయన్ని వదిలెయ్.

ఒంట్లో బాగానే ఉంది. నిద్దరే పట్టటం లేదు. ఏ పిల్ల దగ్గినా నా చెయ్యి దానంతటది ఆ పిల్ల చెవి దగ్గరికి పోతంది. తోటి సిస్టర్లు చూసి నవ్వుతున్నారు. వేరే వార్డుకు వేయమని అడిగాను. చెయ్యి తిరిగినదానివి, ఇక్కడే ఉండమంది డాక్టరమ్మ.

లూర్దును జాగ్రత్తగా చూసుకో. తిరునాళ్ళలకీ, జనంలోకీ తిప్పబాక.

ఫిలోమినా


గురజాల,
10 ఫిబ్రవరి 1959, పొద్దున

ఫిలోమీ,

అక్షరాలు కుదరటం లేదు. రాత్రి లూర్దుకు జొరం వచ్చింది. పొద్దున నోరు తెరిపించి చూశాను. కుడి పక్కన తెల్లగా ఉంది, గోరంత. పత్తితో తుడిచినా రాలా. అదేనా? అదేనంటావా?

మీ బావకి కబురంపాను, రాత్రికి వస్తాడు. ఇద్దరం లూర్దును తీసుకుని రేపు పొద్దుటి బండికి నీ దగ్గరికి వస్తాం. ఈ చీటీ ఇప్పటి బండిలో మన గార్డు రాజారత్నం గారి చేత పంపుతున్నా. డాక్టరమ్మకు చెప్పి మంచం సిద్ధంగా ఉంచు. నువ్వు దాని పక్క నించి కదలబాక. సాయంత్రం తిరుగు బండిలో ఆయన చేతనే జవాబు పంపు.

పెళ్ళైన ఏడేళ్ళకు పుట్టిన బిడ్డే అది. నా దగ్గర ఇంకేం లేదు. నువ్వు దగ్గరుంటే నాకు ధైర్యం.

మాచర్ల పొమ్మంటన్నారు చుట్టుపక్కల వాళ్ళు. చచ్చినా పోను. ఆ కత్తి కిందికి నా బిడ్డను పంపను.

అక్క


నరసరావుపేట,
10 ఫిబ్రవరి 1959, మధ్యాహ్నం

అక్కా,

ఇక్కడికి రాబాక. రేపటి దాకా ఆగబాక. ఇది చదివిన మరుక్షణం లూర్దును ఎత్తుకుని మాచర్ల వెళ్ళు. బండి లేకపోతే ఎడ్లబండి కట్టించు, లారీ ఆపు, ఏదో ఒకటి చెయ్యి. గోరంత పొర పొద్దుగూకేసరికి గొంతంతా కమ్ముద్ది. బాబూరావు గారి కాళ్ళ మీద పడు. ఆయన కోస్తానంటే కోయనియ్యి.

నా మాట నువ్వు వినవని తెలుసు. కత్తంటే నీకు అంత భయం పెట్టింది నేనే. అందుకే రాస్తన్నా, చదువు.

షకీలా గుండె ఆగి చనిపోలేదు. ఆలస్యం వల్ల అంతకన్నా కాదు. పిల్ల బతికేది. గొట్టం దిగింది, రెండ్రోజులు పాలు తాగింది, నన్ను "సిస్టరాపా" అంది, ఆపా అంటే అక్క.

నేను చేరిన రోజున డాక్టరమ్మ నన్ను ఒక మాట అడిగింది. ఇక్కడ దారం ఉంచం గదా, గొట్టం పూడిపోతే కొక్కెంతో తియ్యాలి, నీకు కొక్కెం వాడటం వచ్చా అని. గుంటూరులో దారమే లాగేవాళ్ళం, కొక్కెం నేను చేత్తో పట్టుకోలేదు. రాదంటే చదువుకోని దానిలా చూస్తారని "వచ్చండీ" అన్నాను. రాదని ఒక్క మాట అనుంటే అరగంటలో నేర్పేది.

ఆ శుక్రవారం ఆమె కాన్పు కేసుకని జీపులో పల్లెకి పోయింది. నువ్వున్నావుగా అని నాకు అప్పగించి పోయింది. షకీలా పాలు తాగతా దగ్గింది. లోపలి పొర ఊడి గొట్టానికి అడ్డం పడ్డది. పెదాలు నీలమైనయ్. నా చెయ్యి చెవి దగ్గరికి పోయింది అక్కా, దారం కోసం. చెవి దగ్గర ఏమీ లేదు. రెండోసారీ అక్కడికే పోయింది. అప్పుడు కొక్కెం తీసుకున్నా. జారింది. నెత్తురొచ్చింది. మళ్ళీ పెట్టా, గొట్టం ఇంకా లోపలికి దిగిపోయింది. పిల్ల నా మణికట్టు పట్టుకుని ఉంది. మీరా సాహెబు తలుపు కాడికొచ్చి "ఏందమ్మా, ఏందమ్మా" అంటన్నాడు. బయటికి పొండని అరిచాను.

డాక్టరమ్మ వచ్చేసరికి అంతా అయిపోయింది. గుండె ఆగిందని చెప్పాను. ఆమె నమ్మి అదే రాసింది. రెండ్రోజులు ముందు తేవాల్సిందని ఆయనతో మొదట అన్నది నేను. నీకన్నా ముందు నేనే అన్నాను.

లూర్దును ఇక్కడికి తెస్తే గొట్టం వేస్తారు, దారం కత్తిరిస్తారు, నన్నే పక్కన కూర్చోబెడతారు. ఈ రెండు నెలల్లో కొక్కెం నేర్చుకున్నా. అయినా నా చెయ్యి ఎక్కడికి పోతదో నాకు తెలియదు. మెడకు పెట్టే గొట్టం పూడితే లోపలి భాగం బయటికి తీసి కడిగి పెట్టొచ్చు, ఎవరైనా చెయ్యొచ్చు. బాబూరావు గారు కసాయి కాదు. మీ బళ్ళో మొదటి పిల్లోణ్ణి ఆయన దగ్గరికి నిజంగానే ఆలస్యంగా తీసుకుపోయి ఉంటారు.

నన్ను తర్వాత ఏమన్నా అను. ఇప్పుడు లెయ్. పో.

ఫిలోమినా


మాచర్ల,
14 ఫిబ్రవరి 1959

ఫిలోమినాకు,

లూర్దు బతికే ఉంది. ముందు అది చదువుకో.

నీ ఉత్తరం మంగళవారం పొద్దుగూకే వేళకి గార్డు గారు పంపిన రైలు గ్యాంగు కూలీ తెచ్చిచ్చాడు. గుమ్మంలో నిలబడి చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమై, చించెయ్యబోయాను. ఆ క్షణాన లోపల లూర్దు గొంతులో ఈల మోగింది. పోయి చూస్తే ఊపిరి తీసినప్పుడల్లా గొంతు కింద గుంట పడతంది, పెదాలు నల్లగా ఉన్నయ్. బండి అప్పటికే వెళ్ళిపోయింది. మీ బావ ఇంకా రాలేదు. బిడ్డను భుజానేసుకుని స్టేషన్ రోడ్డు వెంట ఉరికాను. లారీ ఏదన్నా ఉంటే ఒక్కచోటే ఉంటది.

మీరా సాహెబు ఒక లారీ కింద పడుకుని పని చేస్తన్నాడు. బజార్లో నేను అంత మాట అన్నాక ఆయన షెడ్డు ముందు నించి నేను నడవటమే మానేశాను. నా మొహం చూసి, బిడ్డను చూసి లేచాడు. బానెట్టు మూసి, మమ్మల్ని ముందు సీట్లో కూర్చోబెట్టి లారీ తీశాడు. బ్రేకు సగమే పడతంది, గట్టిగా పట్టుకోండి అన్నాడంతే.

దారిలో లూర్దు ఊపిరి ఆగి ఆగి వస్తంటే నేను తడబడి "ఇంటికి పోదామా, అన్నా? గొంతు కోస్తారు" అన్నాను. ఆయన రోడ్డు మీద నించి చూపు తిప్పలా. "నాలాగా ఆలస్యం చేయబాకండి టీచరమ్మా. నా పిల్లని నేనే చంపుకున్నా. మీరన్న మాట నిజం. రోజూ అదే అనుకుంటన్నా" అన్నాడు.

నీ ఉత్తరం నా రవికలో ఉంది ఫిలోమీ.

బాబూరావు గారు అన్నం ముందు నించి లేచొచ్చారు. పిల్లని పట్టుకోటానికి ఇంకో మనిషి కావాలన్నారు. నా వల్ల గాలా. గోడకు ఆనుకుని జపమాల మొదలుపెట్టి, మంగళవార్త జపం నడిమధ్యలో మరిచిపోయాను. లూర్దు తలని రెండు చేతుల్తో పట్టుకుని నిలబెట్టింది మీరా సాహెబే. కత్తి దిగినప్పుడు ఆయన కళ్ళు మూసుకోలా. బుస్సుమని గాలి పోయిన చప్పుడు విన్నాను. నాలుగు రోజులైంది, మెడలో గొట్టం ఉంది, నర్సమ్మ గంటగంటకూ కడిగి పెడతంది. మాటలు రావు. అన్నీ చేతుల్తో అడుగుతంది. వచ్చే వారం గొట్టం తీస్తామన్నారు. నోట్లోంచి వేసే గొట్టం సంగతి అడిగితే "అది చీకట్లో సూదికి దారం ఎక్కించే పని" అని విసుక్కున్నారు. ఎవరిది ఒప్పో నాకు తెలియదు. తెలుసుకునే ఓపిక గూడా లేదు.

నువ్వు నిజం రాయబట్టి నా బిడ్డ దక్కింది. అదే నిజం రెండు నెలలు దాచావు గనక ఆ మనిషి రోజూ చస్తన్నాడు. నిన్ను తిట్టాల్నో, దగ్గరికి తీసుకోవాల్నో నాకు తెలియటం లేదు. రెండూ చెయ్యాలని ఉంది.

నేను ఆయనకి చెప్పలా. నిన్న మళ్ళీ వచ్చాడు, హజ్రా బీ కాచిచ్చిన గంజి తెచ్చాడు. పుట్టిన బిడ్డకి గూడా షకీలా అనే పేరు పెట్టారంట. చెప్దామని నోరు తెరిచాను. లూర్దు ఆయన వేలు పట్టుకుని ఉంది. నోరు మూసుకున్నాను. బజార్లో నేనన్న మాట బజార్లోనే వెనక్కి తీసుకుంటా, అది నా బాధ్యత. మిగతాది నువ్వు చెప్పాలి. నువ్వొస్తే మీ బావను లూర్దు కాడ కూర్చోబెట్టి నేనూ వస్తా, నీ పక్కన నిలబడతా. రాకపోతే మాత్రం మళ్ళీ నాకు ఉత్తరం రాయబాక.

ఆరోగ్యమ్మ


నరసరావుపేట,
18 ఫిబ్రవరి 1959

అక్కా,

డాక్టరమ్మకు నిన్న అంతా చెప్పాను. విని వార్డు తాళాలు అడిగి తీసుకుంది. పై వాళ్ళకి రాస్తానంది, జవాబు వచ్చేదాకా వార్డులోకి రావద్దంది. అడిగిన రోజున రాదని ఎందుకు చెప్పలేదు అని మాత్రం రెండుసార్లు అడిగింది. ఈ ఉద్యోగం ఇక ఉండదనుకుంటా.

దానికి భయం లేదు. ఆయనంటేనే భయం. కొడతాడని కాదు. కొడితే బాగుండు, తిడితే బాగుండు. అంతా విని "సర్లేమ్మా" అంటాడేమోనని హడలి చస్తన్నా. పక్కన హజ్రా బీ పసిబిడ్డను ఎత్తుకుని ఉంటే నేను ఏ మొహంతో నోరు తెరవాలి? నాలుగుసార్లు నాలో నేను చెప్పుకుని చూశాను. ప్రతిసారీ దారం మాట దగ్గర ఆగిపోతన్నా.

శనివారం సాయంత్రం బండికి దిగుతా. నువ్వు రాబాక. మాచర్లలోనే లూర్దు కాడ ఉండు. నువ్వు పక్కనుంటే నీ వెనక దాక్కుంటా, నాకు తెలుసు. నేనొక్కదాన్నే పోతా.

షెడ్డు తెలుసు గానీ వాళ్ళిల్లు నాకు తెలియదు. షెడ్డు కాడైతే జనం ఉంటారు, ఇద్దరికీ కలిపి ఇంట్లోనే చెప్పాలి. స్టేషను దిగినాక ఏ సందులోంచి పోవాలో, ఏ గుమ్మం తట్టాలో, ఒక్క ముక్క రాసి పంపు.

ఫిలోమి